స్క్రోలింగ్‌లో తప్పిపోయిన ఆవిడ

తాడేపల్లిగూడెంలో మా లోకల్ కేబుల్ చానెల్‌కి వార్తలు చదివే మనిషి కావాలని తెలిసి నేను వెళ్ళేటప్పటికి నాకు ఆరో నెల. ఎం.ఏ. చదివాను. కాలేజీలో ఏ సభ జరిగినా మైకు నా చేతికే ఇచ్చేవారు. ఆ ధైర్యంతోనే వెళ్ళాను. లైట్లు వేశారు, కెమెరా ముందు కూర్చోబెట్టారు, చేతికి కాగితాలిచ్చారు. ఉల్లిపాయల మార్కెట్‌కి వచ్చిన లారీల గురించి ఒక వార్త, కొన్ని వీధుల్లో కుళాయి నీళ్ళు ఆలస్యంగా వస్తాయని ఇంకో వార్త. చదివాను. ఓనరు గారు దాన్ని తెర మీద చూసుకుని చాలాసేపు గడ్డం గోక్కున్నారు.

“గొంతుకి వంక పెట్టడానికి లేదమ్మా,” అన్నారు చివరికి. “కానీ కుళాయి నీళ్ళు ఆలస్యం అని నువ్వు చెబుతుంటే ఎవరో పోయినట్టుంది. చూసేవాళ్ళు కంగారుపడిపోతారు.”

ఆయన మీద కోపం రాలేదు. నేను చిన్నప్పటినుంచీ అంతే. గేటు చప్పుడైతే ముందు చెడు కబురే అనుకుంటాను. పాప పుట్టాక అది ఇంకా ముదిరింది. నిద్రపోతున్న పిల్ల ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూడటం, వీధి తలుపు గడియ వేశానో లేదో అని లేచి లేచి వెళ్ళడం, పొయ్యి మీద పాలు పెట్టి ఆ సంగతే మర్చిపోవడం. ఒకరోజు పెరట్లో పాప గుడ్డలు ఆరేస్తుంటే మా అత్తగారు పక్కింటావిడతో చెప్పడం వినిపించింది: “మా కోడలికి పురుడొచ్చాక మతి కొంచెం అటూ ఇటూ అయ్యిందమ్మా.” ఆవిడ చెడ్డగా అనలేదు. జలుబు చేసింది అన్నట్టే అన్నారు. కానీ ఆ మాట చాలా రోజులు నా చెవిలో ఉండిపోయింది.

పాప అన్నప్రాశన అయ్యాక ఓనరు గారే ఫోన్ చేశారు. స్క్రోలింగ్ వేసే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట.

“ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చమ్మా. నువ్వు కనబడవు, వినబడవు. ఈ పనికి ఎంత భయపడితే అంత మంచిది. తప్పులు దొర్లవు,” అన్నారు.

అలా తెర అడుగున కుడినుంచి ఎడమకి పాకుతూ వెళ్ళే వాక్యాలు నావయ్యాయి. ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నది నా లాప్‌టాప్‌లో కనబడేలా ఏర్పాటు చేశారు. పాప ఉయ్యాల, దాని పక్కన నా కుర్చీ. కాలితో ఉయ్యాల తోస్తూ చేతులతో టైపు చేస్తాను. ఫలానా వీధుల్లో మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదు. మేడ మీద పోర్షన్ అద్దెకు కలదు, శాకాహారులకు మాత్రమే. ఇవాళ్టి ఉల్లి ధర. ఫలానా వారి చిరంజీవికి మొదటి పుట్టినరోజు శుభాకాంక్షలు. డిగ్రీలో ఫస్టు వచ్చిన అమ్మాయికి అభినందనలు, ఇట్లు బాబాయిలు, పిన్నులు. గేదె తప్పిపోయినది, ఎడమ కొమ్ము విరిగి ఉండును.

మా చానెల్లో వార్తలు చదివే మేడమ్ గారు రైతుబజారుకి వెళ్తే కూరలవాళ్ళు పలకరించి గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తారు. కెమెరా పట్టే ఆయన్ని ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా మొదటి బంతిలోనే కూర్చోబెడతారు. స్క్రోలింగ్ వేసే మనిషి ఒకరుంటారని మాత్రం ఎవరికీ తట్టదు. ఆ అక్షరాలు వాటంతట అవే పుట్టి పాకుతాయనుకుంటారు. అయినా ఓనరు గారు ఎప్పుడూ ఒకటే అంటారు: “న్యూసు ఎవడు చూస్తాడమ్మా! అన్నం తింటూ అందరూ చదివేది కింద పోయేదే.”

నేను ఎవరి పేరూ తప్పు పడకూడదని ప్రతి వాక్యం వేశాక హాల్లోకి పరిగెత్తి, టీవీ ముందు నిలబడి, అది పూర్తిగా పాకి వెళ్ళిపోయేదాకా చూసి వచ్చేదాన్ని. మా అత్తగారు సీరియల్ చూస్తుంటే రిమోట్ అడిగేదాన్ని. “నువ్వు రాసిందే కదే, మళ్ళీ చూడ్డమెందుకు?” అనేవారు.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఓనరు గారు ఫోన్ చేశారు.

“అమ్మా, మిస్సింగ్ ఒకటి ఉంది, రాసుకో. ఈయన కొల్లేటి లంకల నుంచి వచ్చారు. చేపల చెరువులు. వాళ్ళావిడ కనబడటం లేదు. ఏలూరులో వేయించి ఇటొచ్చారు. ఆవిడ తరఫు చుట్టాలు ఇటువైపు ఉన్నారంట. ఫోన్ స్పీకర్‌లో పెడుతున్నా, నువ్వే అడుగు.”

“చెప్పండి, వయసెంతండి?” అన్నాను.

“యాభై దాకా ఉంటాయండి,” అంది అవతలినుంచి ఒక మెత్తటి గొంతు.

“యాభై అయిదు వెయ్యమ్మా,” అన్నారు ఓనరు గారు. “పెద్దావిడంటే త్వరగా ఫోన్ చేస్తారు.”

“రంగండి?”

“చామనచాయండి.”

“ఎత్తు?”

“నా భుజం దాకా వత్తదండి.”

“మీరెంత ఎత్తండి?”

“ఎప్పుడూ కొలుచుకోలేదండి.”

“అయిదడుగులు వెయ్యమ్మా. ఆడవాళ్ళందరికీ అదే వేస్తాం,” అన్నారు ఓనరు గారు.

“వెళ్ళేటప్పుడు ఏం చీర కట్టుకున్నారండి?”

“ఆకుపచ్చదనుకుంటానండి. ఆవిడ ఎల్లినప్పుడు నేను చెరువు కాడ మకాంలో ఉన్నానండి. మబ్బులు పట్టినప్పుడు చెరువు వదిలి రాకూడదండి. చేపలకి ఊపిరాడక పైకొచ్చి నోళ్ళు తెరుత్తాయండి.”

చెరువు గురించి అడిగితే ఆయన ఎంతైనా చెప్పేలా ఉన్నారు. నేను రాసుకున్నది చదివి వినిపించాను. అంతా విని ఓనరు గారు అలవాటుగా, “చివర్లో మతిస్థిమితం సరిగా లేదు అని కలుపు,” అన్నారు.

“అబ్బెబ్బే, మతి శుభ్రంగా ఉందండి ఆవిడకి,” అన్నారా భర్త కంగారుగా. “నాకంటే బాగానే ఉంటదండి.”

“మీకు తెలీదు బాబూ. ఆ ముక్క లేకుండా ఆడమనిషి కనబడటం లేదని వేస్తే జనం ఇంకో రకంగా అనుకుంటారు. ఆ ముక్క వేస్తే పాపం అంటారు, కనబడితే ఫోన్ చేస్తారు. మీ పరువు కోసమే చెబుతున్నా. అన్ని చానెళ్ళ వాళ్ళూ వేసేదే.”

“మీరెలా అంటే అలాగేనండి,” అన్నారాయన.

నేను టైపు చేశాను. అది కొత్తగా పుట్టించిన మాట కాదు. మనుషులు తప్పిపోయిన ప్రకటనలన్నిటికీ తోకలా ఉండేదే. అయినా ఆ రెండు పదాల దగ్గర నా వేళ్ళు నెమ్మదించాయి. హాల్లో మా అత్తగారు టీవీ చూస్తూ, “పాపం, ఎవరో మతిలేనావిడంట. ఏ కాలవలో పడిందో ఏమో!” అన్నారు. ఆ పూట నేను పాపకి అన్నం పెడుతూ రెండుసార్లు అడిగాను, “ఎవరైనా ఫోన్ చేస్తారంటారా అత్తయ్యా?” అని.

సాయంత్రం మా ఆయన మిల్లు నుంచి వచ్చి తువ్వాలు అందుకోబోతుంటే అడ్డం నిలబడ్డాను.

“కళ్ళు మూసుకోండి. ఇప్పుడు చెప్పండి, నేను ఏ రంగు చీర కట్టుకున్నాను?”

ఆయన కళ్ళు మూసుకునే కాస్త ఆలోచించి, “నైటీ కదా?” అన్నారు.

నిజమే. నైటీయే. ఆయన గెలిచారు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఓనరు గారు భోజనానికి వెళ్ళినప్పుడు ఆఫీసు ఫోన్లన్నీ నాకు వచ్చేలా పెడతారు. పాప నిద్రపోతోంది. నేను గొంతు తగ్గించి మాట్లాడాను.

“అమ్మాయ్, టీవీయేనా?”

“అవునండి.”

“కింద అక్షరాలు పోతాయి చూడు, అవి ఎవరు రాస్తారు?”

“నేనేనండి.”

“నువ్వేనా? అయితే రాసుకో. అయిదడుగులు కాదు, ఇంకో నాలుగు వేళ్ళుంటాను. చీర ఆకుపచ్చ కాదు, వంకాయ రంగు. యాభై అయిదు ఎవరికమ్మా? మొన్న వైశాఖానికి నలభై తొమ్మిది నిండాయి.”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కాలితో ఉయ్యాల తోయడం ఆపేశాను.

“అండీ... మీరు...”

“ఆ, నేనే. తప్పిపోయినదాన్ని.”

అత్తిలిలో ఉన్నారట. చిన్నప్పుడు ఆవిడతో కలిసి చదువుకున్న స్నేహితురాలు అక్కడ చిన్న టిఫిన్ హోటల్ నడుపుతోంది. ఆ స్నేహితురాలి సంగతి భర్తకి తెలియదు. మూడు రోజులుగా అక్కడే ఉండి ఇడ్లీ పిండి కలుపుతున్నారు.

“పొద్దున్న ఒకాయన తింటూ టీవీలో చదువుతున్నాడమ్మా పైకి. ‘వంగి నడిచే ముసల్దై ఉంటది, పాపం మతి లేదంట’ అంటున్నాడు. ఆయన ముందు మంచినీళ్ళు పెట్టింది నేనే. ఫొటో వెయ్యలేదు కాబట్టి బతికిపోయాను. అసలు మతి లేదని ఎవరు చెప్పారమ్మా నీకు? మా ఆయనా?”

“కాదండి. ఆయన వద్దనే అన్నారు. అది... అలా వెయ్యడం అలవాటండి.”

“అలవాటా?” ఆవిడ నవ్వారు, కానీ ఆ నవ్వులో సరదా లేదు. “చూడు. ఇప్పుడు నేను ఇంటికెళితే మతొచ్చి తిరిగొచ్చిందంటారు. వెళ్ళకపోతే మతిలేక తిరుగుతోందంటారు. మా లంకలో చంటిపిల్లలు కూడా చెప్పుకుంటారు. నువ్వే చెప్పు, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళమంటావు?”

“ఎందుకొచ్చేశారండీ?” అని అడిగాను.

“జ్వరం వచ్చింది. మంచం దిగలేకపోయాను. చెరువు దగ్గరికి కబురు పెట్టాను, ఒకసారి వచ్చి వెళ్ళమని. ఎంత దూరం? గట్టు మీద బండేస్తే కేక దూరం. ఆయన రాలేదు. చేపలకి తవుడు తెచ్చే బండిలో మాత్రలు పంపారు, తవుడు బస్తా మీద పెట్టి. ఆ డ్రైవరు గుమ్మంలో నిలబడి ఏమన్నాడో తెలుసా? ‘మేతొచ్చిందండీ’ అన్నాడు. అంటే చేపలకీ మేతే, నాకూ మేతే! ఆ మాత్రలే వేసుకుని, లేచి, స్నానం చేసి, వంకాయ రంగు చీర కట్టుకుని బస్సెక్కాను.”

ఫోన్ పెట్టేసేముందు ఆవిడ రెండు సంగతులు చెప్పారు. ఆ మతి మాట తీయించాలి. తను ఎక్కడున్నదీ ఎవరికీ చెప్పకూడదు. నేను రెండింటికీ అలాగేనండి అన్నాను. ఫోన్ పెట్టాక వీధి తలుపు గడియ మళ్ళీ చూసొచ్చాను. ఆవిడకేమైనా అయితే? ఎక్కడున్నారో తెలిసినదాన్ని నేనొక్కతెనే.

భోజనం నుంచి వచ్చిన ఓనరు గారికి అత్తిలి పేరు తప్ప అంతా చెప్పాను. ఆవిడ క్షేమమే అని విని ఆయన సంతోషించారు. ఆ మాట తీసేద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు.

“మనిషి దొరికిందంటే మొత్తం తీసేస్తాం. దొరక్కుండా మధ్యలో మతి బాగుచేస్తామా? మనం వేసింది తప్పని మనమే చెప్పుకుంటే రేపు కరెంటు కోతలు కూడా ఎవరూ నమ్మరమ్మా.”

“పోనీ మొత్తం తీసేద్దామండి.”

“ఆయన వేయించుకున్నారు. ఆయన చెప్పాలి.”

ఆ భర్త నాలుగింటికి తనే ఫోన్ చేశారు, ఎవరైనా ఏమైనా చెప్పారా అని.

“మీ ఆవిడ క్షేమంగా ఉన్నారండి,” అన్నాను. “నాతో మాట్లాడారు. ఎక్కడున్నారో చెప్పనని మాటిచ్చాను. దయచేసి అడక్కండి.”

ఆయన అడుగుతారని, కసురుతారని, మా ఓనరు గారి మీదికి వెళ్తారని సిద్ధపడ్డాను. ఫోన్‌లో ఎక్కడో మోటారు తిరుగుతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

“జరం తగ్గిందాండి?” అన్నారాయన.

ఆ సంగతి నేనే అడగలేదు. “కనుక్కుని చెబుతానండి,” అన్నాను.

అప్పుడు ఆ అత్తిలి నంబరుకి నేనే చేశాను. “ఇప్పుడడుగుతున్నారా?” అన్నారావిడ గట్టిగా. కాసేపయ్యాక గొంతు మామూలుగా వచ్చింది. “తగ్గిందని చెప్పు. దగ్గు ఉందని కూడా చెప్పు.”

చెప్పాను. దగ్గుకి మిరియాల పాలు తాగమన్నారు. అది కూడా చేరవేశాను. కేబుల్ చానెల్‌లో ఇలాంటి ఉద్యోగం ఒకటుంటుందని నాకెవరూ చెప్పలేదు.

రెండు రోజులు ఇలాగే గడిచాయి. కింద ఆ వాక్యం పాకుతూనే ఉంది. అది తెర మీదికి వచ్చినప్పుడల్లా అత్తిలిలో ఆవిడ తల దించుకుని గిన్నెలు కడుగుతున్నట్టు నాకు కనిపించేది. మా అత్తగారికి ఇక దాచలేక ఊరి పేరు తప్ప అంతా చెప్పేశాను. ఆవిడ సీరియల్ గొంతు తగ్గించి మరీ విన్నారు. మేత అన్న మాట దగ్గర, “అయ్యో అయ్యో,” అని బుగ్గ నొక్కుకున్నారు.

“తీసేస్తే సరిపోదే,” అన్నారు చివరికి. “జనం చదివేశారుగా. ఒక మాట పడ్డాక, దాని మీద ఇంకో మాట పడాలి, దానికంటే పెద్దది.”

“ఓనరు గారు తప్పని వెయ్యరండీ.”

“తప్పని ఎవరు వెయ్యమన్నారు? మీ టీవీలో శుభాకాంక్షలనీ అభినందనలనీ వేస్తావు కదా. అవి వేయించుకున్నవాళ్ళని ఎవరైనా మతిలేనివాళ్ళు అంటారా?”

నేను లేవబోయాను. ఆవిడ నా ఒళ్ళోంచి పాపని తీసుకుని, “వెళ్ళు, ఫోన్ చేసుకో. దీన్ని నేను చూస్తాను,” అన్నారు.

ఆ భర్తకి చేసి, “మీ ఆవిడ పుట్టినరోజు ఎప్పుడండి?” అన్నాను. తెలియదు. పెళ్ళిరోజు? “మాఘంలోనండి. తిథి గుర్తులేదు.” మాఘం ఇంకా చాలా దూరం ఉంది. నాకు నిరాశ కలిగింది. ఆ నిరాశతోనే అడిగాను, “ఆవిడ గురించి మీకు ఏం గుర్తుందండీ?” అని. అడిగాక నాలుక కరుచుకున్నాను. పెద్దవారు.

ఆయనకి కోపం రాలేదు.

“పెళ్ళప్పుడు మాకు రోడ్డు లేదండి. అందరం పడవలో వత్తున్నాం. నడుమ గుర్రపుడెక్కలో ఇరుక్కుపోయింది. మగోళ్ళందరూ కేకలేత్తన్నారు గానీ కదలట్లేదు. అప్పుడావిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, లేచి, గెడ తీసుకుని నెట్టిందండి. పెళ్ళికూతురు. మావోళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదండి. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అన్లేదండి నేను.”

“ఇది టీవీలో వేద్దామాండి?” అన్నాను.

“ఇదా? ఇది ఎవరన్నా ఏత్తారాండి టీవీలో?”

“మీరు ఊ అంటే నేను వేస్తాను. కానీ పాతది తీసెయ్యాలి. కనబడటం లేదని, అభినందనలని రెండూ ఒకేసారి నడవవు. మీరు చెబితేనే తీస్తారు.”

ఈసారి ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆ వాక్యం ఒక్కటే ఆయన చేతిలో ఉన్న తాడు. అది తీసేశాక ఆవిడ రాకపోతే ఇక పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ భయం నాకు తెలుసు. ఆయనకంటే ముందే నాకు వచ్చేసింది.

“తీసెయ్యండి,” అన్నారు. “క్షేమంగా ఉందన్నారుగా. ఎతకడం ఆపేత్తాను. పిలుత్తాను.”

ఓనరు గారితో మాట్లాడటం తేలికనుకున్నాను.

“అభినందనలా? ఏం సాధించిందమ్మా?”

“పడవ నెట్టారండి.”

“ఎప్పుడు?”

“పెళ్ళిలోనండి. చాలా ఏళ్ళయ్యింది.”

ఆయన పెద్దగా నవ్వి, ఆ నవ్వు ఆగాక, “డిగ్రీ ఫస్టుకి వేస్తాం, సర్పంచికి వేస్తాం. పడవ నెట్టడం వాటికంటే కష్టమే. వెయ్యి,” అన్నారు. ఫోన్ పెట్టబోతూ, “ఇకమీదట ఆ మతి ముక్క ఇంట్లోవాళ్ళు అవునంటేనే వేద్దాంలే,” అని గొణిగారు.

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు దిద్దానో. గొప్ప మాటలు పెడితే ఆయనది కాకుండా పోతోంది. చివరికి ఆయన చెప్పినదాన్నే ఉంచాను: “పెళ్ళి పడవ గుర్రపుడెక్కలో చిక్కుకుంటే గెడ వేసి అందరినీ ఒడ్డు చేర్చిన మా ఇంటి ఇల్లాలికి అభినందనలు. ఆ రోజు నేను నవ్వలేదు. ఇట్లు, భర్త.” పాత వాక్యాన్ని తీసేసి, ఇంటర్ ర్యాంకు వచ్చిన కుర్రాడికీ కొత్త బట్టల షాపు ప్రారంభానికీ మధ్యలో దీన్ని పెట్టాను. హాల్లోకి పరిగెత్తాను. మా అత్తగారు రిమోట్ ముందే పట్టుకుని, చానెల్ పెట్టి సిద్ధంగా ఉన్నారు. ఇద్దరం నిలబడి చదివాం. అక్షరాలు పాకుతూ ఎడమవైపు అంచులో కలిసిపోయాయి.

ఆ రోజు ఆవిడ ఫోన్ చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నా చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తలేదు. నలుగురిలో ఇంకా నవ్వులపాలు చేశానేమో, పెళ్ళినాటి సంగతి బజారులో పెట్టినందుకు ఆవిడ అక్కడినుంచి కూడా వెళ్ళిపోయారేమో, ఇప్పుడు నిజంగానే కనబడకుండా పోతే ఆ పాపం ఎవరిది? పాప ముద్ద ముద్దకీ నోరు తెరుస్తోంది, నేను పెట్టడం మర్చిపోతున్నాను. గేటు దగ్గర మా అత్తగారు పక్కింటావిడతో అంటున్నారు, నాకు వినిపించేంత గట్టిగా: “కింద పోయేదంతా మా కోడలు రాసేదే. తల ఎంత చురుగ్గా ఉండాలనుకున్నావు దానికి!”

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

“అమ్మాయ్, ఒక్కచోట కాదు. మూడు చోట్ల ఇరుక్కుంది పడవ. మూడు చోట్లా నేనే నెట్టాను.”

నాకు ఏడుపొచ్చింది. “మారుస్తానండి, ఇప్పుడే మారుస్తాను.”

“వద్దులే, ఉండనీ. ఆయనకి ఒక్కచోటే గుర్తుండి ఉంటది.” ఆవిడ దగ్గారు. “నిన్నటినుంచి ఇక్కడ అందరూ చదవడమే. ఎవరో గానీ గట్టిపిండం అంటున్నారు. పొద్దున్న ఆ నీళ్ళు పెట్టించుకున్నాయనే అన్నాడు ఆ మాట. నేనేనండీ అని చెప్పేశాను. ఇంకో రెండు ఇడ్లీ చెప్పి, ఆ కథంతా అడిగి చెప్పించుకున్నాడు. అందుకే నీ ఫోన్ ఎత్తడానికి తీరిక లేకపోయింది.”

“మరి ఇంటికి వెళ్తారాండి?”

“నేనెందుకు వెళ్తాను? అత్తిలి అని చెప్పు ఆయనకి. స్టేషన్ దగ్గర టిఫిన్ హోటలంటే ఎవరైనా చూపిస్తారు. మనిషి రావాలి. తవుడు బండి వస్తే మాత్రం తలుపేసుకుని లోపల కూర్చుంటాను.”

వెంటనే ఆయనకి చేశాను. అత్తిలి అనగానే, “అత్తిలా!” అన్నారు, ఎక్కడో విదేశం పేరు విన్నట్టు. తరవాత గొంతు దిగిపోయింది.

“ఇయ్యాల బాగా మబ్బుగా ఉందండి ఇక్కడ. నీళ్ళు చూత్తే బాలేదు.”

నేను కిటికీలోంచి చూశాను. మా తాడేపల్లిగూడెంలో కూడా ఆకాశం నల్లగానే ఉంది. రేపు వెళ్ళండి అని నోటిదాకా వచ్చింది. అలాంటి మాటలు చెప్పడంలో నేను దిట్టని. జాగ్రత్త, ఆగండి, చూద్దాం, వానొస్తుందేమో. ఆ మాట మింగేశాను. మోటారు చప్పుడు దూరమైంది, ఆయన గట్టు మీద నడుస్తున్నట్టున్నారు.

“ఆకివీడులో రైలుబండి ఎన్నింటికో కనుక్కుంటానండి,” అన్నారు.

ఆ సాయంత్రం వాన పడింది. వార్తలు మొదలయ్యాయి, మేడమ్ గారు నవ్వుతూ ఉల్లి ధర చెప్పారు. నేను పాపని భుజాన వేసుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతుంటే ఫోన్ వచ్చింది. ఆయనే.

“చేరానండి. బయట బల్ల మీద కూచున్నాను. చూసింది గానీ ఏం మాట్లాడలేదండి. లోనకెళ్ళిపోయింది.”

“ఫరవాలేదండి. కాసేపు కూర్చోండి,” అన్నాను.

అంతలో ఫోన్‌లో ఆవిడ గొంతు దగ్గరగా వచ్చింది. ఆయనతో కాదు, గాలితో మాట్లాడుతున్నట్టు. “ఫోన్‌లో ఆ అమ్మాయేనా? పెట్టెయ్యమనండి, ఇంట్లో పసిపిల్ల ఉంది. చెప్పులు అక్కడ వదిలి, కాళ్ళు కడుక్కుని రమ్మనండి.”

“కాళ్ళు కడుక్కోమందండి!” అన్నారాయన నాతో, పరీక్ష పాసైన వాడిలా.

ఫోన్ ఆపడం మర్చిపోయి జేబులో వేసుకున్నట్టున్నారు. నేను పెట్టేసి ఉండాల్సింది. పెట్టెయ్యలేదు. చెంబుతో నీళ్ళు పోసుకున్న చప్పుడు. బల్ల జరిపిన చప్పుడు. స్టీలు గ్లాసేదో ఎదురుగా పెట్టిన చప్పుడు. నా భుజం మీద పాప కూడా కదలకుండా వింటున్నట్టుంది.

తరవాత ఆవిడ అడిగారు, ఈసారి నేరుగా ఆయన్నే:

“ఇంత మబ్బులో చెరువు ఎవరికి అప్పజెప్పి వచ్చారు?”

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. నేను ఫోన్ పెట్టేశాను.